కరుప్పి, బెల్లం, ఇద్దరు మేనమామలు

మనిషన్నవాడికి మర్యాద మీద ఆశ ఉండకూడదు! మర్యాద దానంతట అదే రావాలి. వస్తే కాదనకూడదు. రాకపోతే ఎందుకు రాలేదని ఒక్క మాట అడిగి ఊరుకోవాలి. ఇది నా సిద్ధాంతం. నేనెవరినంటారా? గోవిందరాజ్, డిప్యూటీ తహసీల్దార్, విశ్రాంత. ఊరు కోవిల్‌పట్టి.

నా ఉద్యోగమంతా ఇతరుల మర్యాదల మధ్యే గడిచింది. మా వైపు పల్లెల్లో తిరునాళ్ళు వానకు ఆగవు, ఎన్నికలకు ఆగవు. మొదటి తాంబూలం ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గర మాత్రం టక్కున ఆగిపోతాయి. అప్పుడు నేను జీపెక్కి వెళ్ళి శాంతి చర్చ జరపాలి. నా పద్ధతి చాలా సులువు. రెండు పక్షాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెట్టి, రాజీకి వచ్చేదాకా టీ ఇవ్వను. "సాయంత్రానికి వాడిపోయే తమలపాకు కోసం తలలు పగలగొట్టుకుంటారా, సిగ్గులేదూ!" అని నేనొక్కసారి గద్దిస్తే ఎంత పెద్ద మీసాలైనా కిందికి దిగాల్సిందే.

అందుకే రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు నాకు పొన్నాడ, అదే సన్మానపు శాలువా, కప్పారు. చిలకపచ్చ పట్టు, నెమళ్ళ జరీ అంచు. సభలో కాఫీ తాగుతుంటే ఒక మూల మరక పడింది, అయినా దాని దర్జా తగ్గలేదు. నాకు ఇలాంటివాటి మీద ఆశ లేదు గనక దాన్ని బీరువా పైఅరలో, కలరా ఉండల మధ్య, గాలి తగలకుండా పెట్టాను. అప్పుడప్పుడు తీసి భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడతాను. పురుగు పట్టిందేమో చూడొద్దా?

ఇలాంటి నా ప్రశాంత జీవితంలోకి రెండు గినీపందులు వచ్చి పడ్డాయి.

మా అక్క పట్టమ్మాళ్ కూతురు కార్తిక. ఇక్కడే కోవిల్‌పట్టిలో బళ్ళో టీచరు. విరుదునగర్ అబ్బాయి రామ్‌కుమార్‌ని ఇష్టపడింది. మనవాళ్ళే, బయట అరవమైనా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. అతను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఆ కాలేజీలో జంతువుల గది ఎత్తేస్తూ గినీపందుల్ని అడిగినవాళ్ళకు పెంచుకోమని ఇచ్చేశారట. ఇతగాడు రెండు ఆడవాటిని తీసుకుని, బెల్లం రంగుదాన్ని తన దగ్గర ఉంచుకుని, నల్లదాన్ని మా పిల్లకిచ్చాడు. మా కాలంలో మల్లెపూలిచ్చేవాళ్ళు! నల్లదానికి కరుప్పి అనీ, రెండోదానికి బెల్లం అనీ పేర్లు. పేరుకే పందులు గానీ, చూస్తే తోక మరిచిపోయిన ఎలుకల్లా ఉంటాయి. చెరో గూట్లో పెరిగినవి గనక ఒకదాని ముఖం ఒకదానికి తెలీదు. పెళ్ళయ్యాక సాత్తూరులో కాపురం. ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య. రెండూ అక్కడ కలిసి ఉండాలి.

పెళ్ళికి అందరూ ఒప్పుకున్నారు. ఒక్క చిన్న విషయం పరిశీలనలో ఉండిపోయింది. నిశ్చితార్థంలో మొదటి తాంబూలం ఎవరికి? మా వంశంలో పిల్ల మేనమామకు. అంటే నాకు. వాళ్ళ వంశంలో పిల్లవాడి మేనమామకు. అంటే విరుదునగర్‌లో మిరపకాయల మండీ నడిపే మారిముత్తుకు.

నేను చాలా వినయంగా కబురు పెట్టాను. "నాకు ఆశ లేదు. వంశాచారం కోసం అడుగుతున్నాను." అతను అంతకన్నా వినయంగా కబురు పెట్టాడు. "నాకూ ఆశ లేదు. వంశాచారం కోసం ఇవ్వనంటున్నాను." ఇద్దరు నిరాశాపరుల మధ్య నిశ్చితార్థం ఆగిపోయింది.

ఆగిపోతే ఊరికేం చెప్పాలి? తాంబూలం గొడవని చెప్పగలనా? జీవితాంతం నేను గద్దించిన మీసాలన్నీ మళ్ళీ పైకి లేవవూ!

అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏమిరా గోయిందూ, ఆడి నెల వచ్చేస్తే ఏ సుబం జరగదు గదరా. పిల్లోని అమ్మ సీనియమ్మాళ్ నరికుడి ఊరి పక్క ఇంకో పిల్లని చూడనీకి బయలుదేరిందంట. నా బిడ్డ గతి ఏమి?"

"దానికీ నాకూ ఏమిటక్కా సంబంధం? నేను మర్యాద కోసం చూసేవాడినా?" అన్నాను. కార్తిక నావంక చూసింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ ఆదివారమే రామ్‌కుమార్ బెల్లాన్ని బుట్టలో పెట్టుకుని కోవిల్‌పట్టి వచ్చాడు, రెండిటికీ స్నేహం చేద్దామని. ఎలా చెయ్యాలా అని కుర్రాళ్ళిద్దరూ తలలు పట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. "శాంతి చర్చేగా! తప్పుకోండి" అన్నాను. ఒక ఆపిల్ పళ్ళ అట్టపెట్టె తెచ్చి, ఒక తలుపు కోసి, లోపల ఒక గిన్నెలో సాత్తూరు లేత దోసకాయ ముక్కలు పెట్టి, రెండు పందుల్నీ లోపలికి తోసి, తలుపు మూశాను.

తర్వాత జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కాను. పెట్టెలోంచి టైపుమిషను కొట్టినట్టు పళ్ళ చప్పుడు. పెట్టె ఇటూ అటూ ఊగింది. నల్లబొచ్చు, ఎర్రబొచ్చు కలిసి పైకి లేచాయి. ప్రభుత్వం తరఫున నేను చెయ్యి లోపల పెట్టాను. కొరికింది మా కరుప్పా, వాళ్ళ బెల్లమా అన్నది నేటికీ విచారణలోనే ఉంది.

కార్తిక దళసరి తువ్వాలొకటి వాటి మధ్య పడేసి, ఒక్కొక్కదాన్నీ చుట్టి బయటికి తీసింది.

"ఒకటే తలుపు, ఒకటే గిన్నె పెడితే ఎవురైనా కొట్టుకుంటారు మామా!"

"మరెలాగే? చెప్పు, వింటాను" అన్నాను వేలు చప్పరిస్తూ.

"మొదట మధ్యలో వల కట్టి పక్కపక్కన పెట్టాల. దీని కింద గుడ్డ దానికి, దాని కింద గుడ్డ దీనికి మార్చాల. వాసన అలవాటు కావాల గదా. అంతకుమించి, ఇది నా ఇల్లు అని ఏదీ అనుకోలేని చోట రెండింటినీ వదలాల. రెండు గిన్నెలు. దూరనీకి పెట్టె పెడితే దానికి రెండు తలుపులు. పళ్ళు నూరినా, మూతి ఎత్తినా మనము నడమ పోకూడదు. రక్తం వస్తేనే విడదీయాల."

"మూతి ఎత్తడం ఏమిటే?"

"ఎవురి మూతి పైకుంటే వాళ్ళు పెద్ద అన్నట్టు మామా. రెండూ ఎత్తి ఎత్తి చూపుకుంటాయి. ఒకటి దించేదాకా అంతే."

"ఛీ! ఎంత బుద్ధిలేని జీవాలు!" అన్నాను. రామ్‌కుమార్‌కి ఎందుకో పొరబోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కాటు నాకు మేలే చేసింది. ఊరికి చెప్పడానికి కారణం దొరికింది! "పిల్లకీ పిల్లవాడికీ పడింది గానీ, వాళ్ళ జీవాలకు పడలేదండీ. శకునం బాగాలేదు. అందుకే ఆపాము" అని బజారులో ఎదురైనవాళ్ళందరికీ చెప్పాను. కట్టు కట్టిన వేలు సాక్ష్యం చూపించాను. విరుదునగర్‌లో మారిముత్తు కూడా సరిగ్గా అదే చెబుతున్నాడని తెలిసి, ఫరవాలేదు, మనిషికి కాస్త తెలివుంది అనుకున్నాను.

కార్తిక నా దగ్గరికి వచ్చి నిలబడింది. "మామా, అవి పడలేదనే గదా ఆపినారు? పడితే?"

"పడిన రోజే తాంబూలం! ఇది నా మాట."

"మారిముత్తు మామ కూడా ఇదే మాట ఇచ్చినారంట రామ్‌కి." మళ్ళీ తనే అంది. "గుడ్డలు మార్చనీకి మెత్తటిది ఒకటి కావాల మామా. నీ పొన్నాడ ఇస్తావా?"

పొన్నాడా! పందికా! కానీ అక్క చూస్తోంది. పక్కింటి ఇసక్కిసెల్వి గుమ్మంలో నిలబడి వింటోంది. మర్యాద మీద ఆశ లేనివాడు ఏం చెయ్యాలి? బీరువా తెరిచాను.

"తీసుకో తల్లీ. నాకెందుకు అది" అని నవ్వాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత రోజుల్లో ఆ పిల్ల బడి వదలగానే సాత్తూరు బస్సెక్కడం, రామ్‌కుమార్ అటునుంచి రావడం, అద్దెకు తీసుకున్న ఖాళీ ఇంట్లో ఇద్దరూ పందుల ముందు కూర్చోవడం. నేను అడ్డు చెప్పలేదు. అవి ఈ జన్మలో కలవవని నాకు తెలుసు. నా అంతటివాడి వల్ల కానిది దీనివల్ల అవుతుందా?

ఆడి ఇంకా రాకముందే ఒక శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. "మామా, రెండూ కలిసిపోయినాయి. ఒకే పెట్టెలో నిద్రపోతాండాయి. తాంబూలం పెట్టుకుందాము. సాయంత్రం వచ్చేయ్. నీకని అమ్మ దగ్గర ఒకటి ఇచ్చినాను, అది కప్పుకుని రా."

అక్క పొట్లం విప్పింది. చిలకపచ్చ కాదు, నెమళ్ళు కాదు. ముదురు మెరూన్ రంగు శాలువా, బంగారు చుక్కలు. నా మేనకోడలు నాకోసం కొత్తది కొన్నది! ఆచారం గెలిచింది, తాంబూలం నాకే! కప్పుకుని అద్దం ముందు నిలబడ్డాను. కాస్త ముక్కుపొడి వాసన వేసింది. అంగడివాడికి అలవాటేమో అనుకున్నాను.

సాత్తూరు ఇల్లు రెండు వీధులు కలిసే మూలన ఉంది. ముందు హాలుకు రెండు తలుపులు, ఒక్కో వీధికి ఒక్కోటి. అక్క నన్ను బస్టాండు వైపు తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఇదే తలవాకిలి" అంది. సరే, తలవాకిలే కదా అని కాలు లోపల పెట్టాను. అదే క్షణంలో రెండో తలుపులోంచి మారిముత్తు కాలు లోపల పెట్టాడు. అతని వెనక సీనియమ్మాళ్ "ఇదే అన్నా తలవాకిలి" అంటోంది.

హాలు మధ్యలో గుండ్రంగా అట్ట కంచె. అందులో గడ్డి మీద కరుప్పి, బెల్లం ఒకదాని నడుముకు ఒకటి ఆనుకుని పడుకున్నాయి. సిగ్గులేని జీవాలు! ఇటు ఒక చాప, అటు ఒక చాప. ఇటు ఒక పళ్ళెం, అటు ఒక పళ్ళెం. అవే ఆకులు, అవే అరటిపళ్ళు, అదే కొబ్బరికాయ. రెండు గ్లాసుల కాఫీ, రెంటి మీదా ఒకే ఎత్తు నురగ.

నేను తల పైకెత్తాను. మారిముత్తు ఇంకాస్త ఎత్తాడు. నేను ఇంకాస్త. అతను పళ్ళు నూరడం నాకు వినిపించింది. అప్పుడు చూశాను అతని భుజం.

పచ్చటి పట్టు. నెమళ్ళ జరీ అంచు. మూల కాఫీ మరక!

"అది నాదయ్యా!" అని అరిచాను. "నా పొన్నాడ! నా మర్యాద! తీయి ముందు!"

"నీ భుజాన ఉండేది ఎవురిది?" మారిముత్తు గొంతు వీధి చివరికి వినిపించి ఉంటుంది. "వాణిజ్య సంగమోళ్ళు నాకు కప్పినది! నా మర్యాద కప్పుకుని వచ్చి నన్నే అరుస్తాండావా? ఇయ్యి ఇక్కడ!"

ఇద్దరం కంచె దాకా వచ్చేశాం. అక్క గుండె పట్టుకుని "అయ్యో, విడదీయండి వీళ్ళని!" అంటూ లేచింది. గోడ పక్కన కార్తిక నిలబడి ఉంది. చేతిలో ఆ దళసరి తువ్వాలు.

"కూచోమ్మా. రక్తం ఇంకా రాలేదు."

కరుప్పి కళ్ళు తెరిచి, మమ్మల్ని చూసి, మళ్ళీ మూసుకుంది.

"మర్యాద మీద ఆశ లేదని ఇద్దరూ చెప్పినారు. పందికి పరచనీకి అడిగితే నవ్వుతూ ఇచ్చినారు" అంది కార్తిక. చేతిలో తువ్వాలు మాత్రం వదల్లేదు. "పందుల కింద నా పాత చీరలే పరిచినాను మామా. మీ శాలువాలు మీకు అక్కర లేనివి గదా అని, ఒకరిది ఒకరికి మార్చినాను. అవి పడినాయి. మీరు మాటిచ్చినారు. ఇంక నేను నరికుడి పిల్లకి దారి ఇడవాలా, చెప్పండి."

సీనియమ్మాళ్ తల వంచుకుంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

నేను మారిముత్తు వంక చూశాను, అతను నావంక చూశాడు. ఎవరం ముందు కూర్చోవాలి? ముందు కూర్చున్నవాడు తగ్గినవాడు. ముందు పళ్ళెం ముట్టినవాడు ఆశపడినవాడు. ఒకరి మోకాళ్ళు ఒకరం చూసుకుంటూ, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఇద్దరం కలిసి కూర్చున్నాం. ఇద్దరం కలిసి పళ్ళాలు ఎత్తాం. ఎవరు మొదలో చెప్పగలవాడు ఆ ఇంట్లో ఎవడూ లేడు. రామ్‌కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు, కార్తిక తువ్వాలు కింద పెట్టింది.

శాంతి చర్చ విజయవంతంగా ముగిసింది. నా ఉద్యోగంలో ఇంత చక్కటి చర్చ మరొకటి జరపలేదని బస్సులో అక్కతో అంటే, కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ కూర్చుంది.

శాలువాల సంగతా? మార్చుకోలేదు. అడిగితే ఆశ ఉన్నట్టే కదా! అతనూ అడగలేదు. ముక్కుపొడి వాసనగొట్టే అతని మర్యాద ఇప్పుడు మా బీరువా పైఅరలో ఉంది.

ఆడి దాటగానే, ఆవణి నెలలో పెళ్ళి. పిల్లను ఆశీర్వదించడానికి నేను అందరికంటే ముందుగా వెళ్తున్నాను. ఇందులో వేరే ఉద్దేశం ఏమీ లేదు. మారిముత్తు ఆ పచ్చది కప్పుకుని తప్పకుండా వస్తాడు. దాన్ని ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. పురుగు పట్టిందేమోనని.