కుట్టిన దోమకు తండ్రెవరు

ఆ పట్టణంలో జ్వరానికి మాత్ర ఇవ్వాలంటే, రోగిని కుట్టిన దోమకు తండ్రెవరో ముందు తేలాలి. ఇందులో వింతేమీ లేదు, అక్కడ మొదటినుంచీ అదే పద్ధతి. అందుకే జీడిపిక్కల మిల్లులో పిక్కలు ఒలిచే అచ్చియ్యమ్మ, కూతురు మంగవేణికి చలిజ్వరం రాగానే పిల్లను ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టి, కుట్టిన దోమను వెంటబెట్టుకుని దోమల వంశ నిర్ధారణ కార్యాలయానికి వెళ్లింది. దోమ కూడా పేచీ పెట్టకుండా వచ్చింది. అచ్చియ్యమ్మ భుజం మీద కూర్చుని, తమ వంతు వచ్చేదాకా కిక్కురుమనలేదు. మర్యాద తెలిసిన దోమ, పాపం.

ఆ కార్యాలయంలో రెండు విభాగాలున్నాయి. నూతుల్లో పుట్టే దోమలకు ఒకటి, మురుగు కాలవల్లో పుట్టే దోమలకు ఒకటి. మాత్ర మాత్రం రెండు విభాగాలకూ ఒకటే. ఒకే బీరువాలో, ఒకే డబ్బాలో ఉంటుంది. కానీ ఏ విభాగం ఇచ్చినట్టో తేలకుండా డబ్బా మూత తియ్యకూడదు. తీస్తే రెండో విభాగం పరువేం కాను? అవతల పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోందంటారా, కాలనివ్వండి. పిల్లలు మళ్లీ పుడతారు గానీ, పోయిన పరువు మళ్లీ వస్తుందా!

సూపరింటెండెంటు చక్రధరరావు నెమ్మదస్తుడు. దోమను కూర్చోమని, మీ వాళ్లెవరని అడిగాడు. తల్లిది నూతి దోమల కులమని, తండ్రిని తాను ఎరగనని, మురుగు వైపు నుంచి వచ్చిన వాడెవరో అని చెప్పుకునేవారని దోమ తల వంచుకుని చెప్పింది. ఆయన ఆ దోమ పుట్టిన గుడ్డు పెంకు తెప్పించి భూతద్దం పెట్టి చూశాడు. దోమగుడ్డు నీటిమీద తేలడానికి రెండు పక్కలా తెప్పల్లాంటివి ఉంటాయి. నూతి దోమ గుడ్డుకు అవి వెడల్పు, మురుగు దోమ గుడ్డుకు సన్నం. ఈ పెంకు మీదవి వెడల్పుగా ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు తల్లి పోలికే.

అచ్చియ్యమ్మ ప్రాణం లేచొచ్చింది. నూతి దోమేనని తేలిపోయింది కదా, ఆ మాత్రేదో ఇప్పించండి అంది. చక్రధరరావు చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. పెంకు తయారయ్యేది తల్లి కడుపులో, తల్లి సత్తువతో. కాబట్టి దాని మీద తల్లి పోలికే ఉంటుంది, తండ్రి వాటా పైకి కనపడదు. కనపడనంత మాత్రాన లేదని కాదు. వంశం తండ్రిది. ఆ తండ్రి పోలిక ఈ దోమ పెట్టే గుడ్ల మీద బయటపడుతుంది. అందాకా ఆగాలి.

దోమ గుడ్లు పెట్టాలంటే దానికి రక్తం కావాలి. అది సిగ్గుపడుతూనే అచ్చియ్యమ్మను అక్క వరస పెట్టి, "అప్పా, నాకు ఆకలవతంది" అంది. అచ్చియ్యమ్మ జీడి రసానికి పొక్కిపోయిన చెయ్యి చాపింది. ఇద్దరు గుమాస్తాలు సాక్షులుగా నిలబడ్డారు. ఈ కాటు వల్ల ఆమెకు జ్వరం వస్తే దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలని ముందే చెప్పారు కూడా. ఆ విషయంలో ఎవరినీ తప్పు పట్టలేం.

గుడ్లు వచ్చేసరికి మంగవేణి తల్లిని గుర్తుపట్టడం మానేసింది. మిల్లు మేస్త్రీ అనుకుని, పిక్కలు ఇంకా ఒలుస్తానని, మా అమ్మను తిట్టొద్దని బతిమాలేది. ఆసుపత్రి డాక్టరు వంశ కార్యాలయం వైపు చూసి పెదవి విరిచాడు, అంతకంటే ఆయన చేతిలో ఏముంది!

గుడ్ల మీద తెప్పలు కాస్త సన్నబడ్డాయి. తండ్రి మురుగు దోమ అని తేలింది. కార్యాలయమంతా చప్పట్లు కొట్టారు. దోమకు మురుగు వంశమని ధ్రువపత్రం ఇచ్చారు. మురుగు విభాగం గుమాస్తా డబ్బా మూత మీద చెయ్యి వేసి, ఇక రోగి వంశం చెప్పమన్నాడు. పిల్ల తండ్రి వచ్చి సంతకం పెట్టాలట.

పిల్ల పాకే వయసులోనే మొగుడు సన్యాసిరావు వదిలేసి పోయాడని, తుని దగ్గర ఎవరితోనో ఉంటున్నాడని, ఇన్నేళ్లలో ఒక రిబ్బను ముక్క కూడా పంపలేదని అచ్చియ్యమ్మ చెప్పింది. గుమాస్తా చెయ్యి తియ్యలేదు, మూతా తియ్యలేదు.

"దోమ వొంశం తేల్చడానికి నా రగతం పనికొచ్చింది గదా బాబూ," అంది అచ్చియ్యమ్మ. "నాను కన్న పిల్లని తేల్చడానికి పనికిరాదేటి?"

"రక్తం నీదేనమ్మా, కాదన్నదెవరు?" అన్నాడు చక్రధరరావు. "మేం అడుగుతున్నది వంశం."

కబురు పంపితే సన్యాసిరావు వచ్చాడు. ముందు టీ తెప్పించుకున్నాడు, తరవాత సంతకం పెట్టాడు. మూత తీశారు. మాత్ర పడ్డాక మంగవేణి రెండు పూటల్లో లేచి కూర్చుని గంజి అడిగింది. మాత్ర ఎవరి సంతకం మీద ఇచ్చారో, రోగిని వారికే అప్పగించాలని నిబంధన. సన్యాసిరావు ఇంట్లో కొత్త పసివాడున్నాడు, ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి కావాలి. పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. బస్సు కిటికీలోంచి ఆ పిల్ల అరిచిన అరుపు కార్యాలయం దాకా వినిపించింది. వరసలో ఉన్నవాళ్లు ఒకసారి అటు చూసి, మళ్లీ ఎవరి దోమను వాళ్లు సర్దుకున్నారు.

పిల్లను చూడ్డానికి వెళ్లాలంటే అనుమతి కావాలి. తండ్రి తరఫు బంధువులకే ఇస్తారు. ఏమవుతావు అని అడిగారు. వెనకాల వాళ్లు త్వరగా చెప్పమని విసుక్కున్నారు.

"మేనత్తనండి" అంది అచ్చియ్యమ్మ.

అనుమతి దొరికింది. పేరుకు తగ్గట్టు పిలుపు కూడా ఉండాలని, లేకపోతే రద్దవుతుందని చక్రధరరావు మంచిమాటగా చెప్పి పంపాడు. మంగవేణి తెలివైన పిల్ల. మొదటి ఆదివారం రెండుమూడు సార్లు నోరు జారింది గానీ, ఆ పై ఆదివారానికి అత్తా అనడం అలవాటు చేసుకుంది.