పది నిమిషాల మెయింటెనెన్సు

కరువు నివారణ మంత్రి దేవరాజులు గారు 1983 ఏప్రిల్లో, తిరుపతిలో, మిట్టమధ్యాహ్నం, మూడు వేల మంది ఎదుట ఒక త్యాగం చేశారు. "నా జిల్లా రైతు ఎండకు మాడుతుంటే నాకు చల్లగాలి విషంతో సమానం. ప్రతి పల్లెకూ నీళ్ళు చేరేదాకా నా కారులో ఏసీ వెయ్యను!" అని ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. వేదిక దిగి తన అంబాసిడర్ దగ్గరికి నడిచి, ఏసీ తిప్పే నాబును స్వహస్తాలతో ఊడబెరికి, పసుపుగుడ్డలో ముడుపు కట్టి, కొండ వైపు తిరిగి కళ్ళకద్దుకున్నారు. నీళ్ళు చేరిననాడు దాన్ని స్వామి హుండీలో వేస్తారట. జనం చప్పట్లు కొట్టారు. కారులో ఏసీ ఉంటుందనే సంగతి వాళ్ళలో చాలామందికి అప్పుడే తెలిసింది.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు మంత్రిగారి డ్రైవర్ ఓబయ్య. అతనిది శ్రీకాళహస్తి అవతల ఎగువమిట్ట. ఆ ఊరి బావులు మాఘమాసానికే అడుగంటాయి. అతని తల్లి వసంతమ్మ అరవై ఏళ్ళ వయసులో రెండు మైళ్ళు నడిచి, స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వి, చెంబుతో తోడి బిందె నింపుకుంటోంది. వారానికి ఒక్క నీళ్ళ ట్యాంకరు తమ ఊరికి పంపమని ఓబయ్య అర్జీ రాయించి, మంత్రిగారి పీఏ రంగరాజు చేతికిచ్చి రెండు నెలలైంది. రంగరాజు మంచి మనిషి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా "మూవ్ అవతా ఉండాదప్పా" అనేవాడు.

త్యాగం నలభై రోజులు నడిచింది. మంత్రిగారు అద్దాలు దించుకుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని కరువును చూశారు. వడగాలికి కళ్ళు మూసుకుపోయి కరువు కూడా సరిగా కనపడటం లేదని ఒకసారి రంగరాజు దగ్గర వాపోయారు కూడా. నలభై ఒకటో రోజు పాకాల దాటాక ఆయనకొక ధర్మసందేహం వచ్చింది.

"ఓబయ్యా, అది పని చేస్తా ఉండాదో లేదో ఊరికే చూస్తే మొక్కు చెడిపోతాదా?"

"చూస్తే ఏమవతాది సార్!"

నాబు ముడుపులో ఉంది గనుక ఓబయ్య కటింగ్ ప్లేయరుతో దాని కాడ పట్టుకుని తిప్పాడు. బానెట్ కింద కీచుమని ఒక కేక, కాలిన రబ్బరు వాసన, ఆ వెనకే బెల్టు తెగిన చప్పుడు వచ్చాయి.

రేణిగుంట రోడ్డులో కుప్పుస్వామి షెడ్డుంది. మద్రాసులో పని నేర్చుకుని వచ్చిన ఏసీ మెకానిక్కు. అతను బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"కంప్రెసర్ జామయిపోయినాది సార్. మార్చాల్సిందే."

"వాడకుండానే ఎట్ల చెడిపోయిందప్పా?" అన్నాడు రంగరాజు.

"వాడలేదు గాబట్టే చెడిపోయినాది. దీని లోపల ఆయిలుంటాది. తిరగతా ఉంటేనే ఆ ఆయిలు సీలుకు తగలతాది. పనుకోబెడితే సీలు ఎండిపోయి గ్యాసంతా పోతాది, లోపల తుప్పు పడతాది. కొత్తది వేసినాక వారానికి పది నిమిషాలన్నా తిప్పండి. సలికాలమైనా సరే."

మంత్రిగారి ముఖం పాలిపోయింది. "అంటే నా త్యాగం వల్ల ప్రభుత్వ ఆస్తి చెడిపోయినాదా?"

"చెడిపోయినాది సార్," అన్నాడు రంగరాజు కండువాతో కళ్ళొత్తుకుంటూ.

కొత్త కంప్రెసర్ ఫైలు పొద్దున చిత్తూరులో పుట్టి, మధ్యాహ్నానికి నాలుగు సంతకాలు పెట్టించుకుని, సాయంత్రం మద్రాసు రైలెక్కింది. మర్నాటికి కంప్రెసర్ అట్టపెట్టెతో సహా రేణిగుంటలో దిగింది. కుప్పుస్వామి దాన్ని బిగించి, కొత్త బెల్టు వేసి, గ్యాసు నింపాడు. ఫైలుకు ఇంత కాళ్ళసత్తువ ఉంటుందని ఓబయ్య ఎరగడు. ఇదే ఊపులో తన అర్జీ సంగతి కూడా అడిగాడు. మూవ్ అవుతూనే ఉందట.

ఇక మిగిలింది మంత్రిగారి మనసులో మథనం. ఏసీ వెయ్యనని మొక్కు. వెయ్యకపోతే ప్రభుత్వ ఆస్తికి చేటు. చిక్కుముడిని రంగరాజే విప్పాడు.

"సార్, ఏసీ వేసుకోవడం వేరు, కంప్రెసర్ తిప్పడం వేరు. మొదటిది సుఖం. రెండోది మెయింటెనెన్సు."

"సల్లగాలి వస్తాది గదయ్యా?"

"వస్తాది సార్. మనం పట్టించుకోకూడదు."

మొదటి వారం మంత్రిగారు పది నిమిషాలు పట్టించుకోకుండా కూర్చున్నారు. రెండో వారం పని ఒత్తిడిలో మర్చిపోతారేమోనని మూడో వారానిది కూడా కలిపి చేసేశారు. ముందుచూపు గల నాయకుడు అక్కడితో ఆగడు. తిరుపతి నుంచి చిత్తూరుకు గంటన్నర. అంటే తొమ్మిది వారాల మెయింటెనెన్సు. తిరుగు ప్రయాణంలో ఇంకో తొమ్మిది. జనం అపార్థం చేసుకోకుండా అద్దాలెత్తి నల్ల కర్టెన్లు దించారు. మంత్రిగారి సతీమణి కోమలవల్లి గారు కూడా దేశసేవలో వెనకబడలేదు. అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని, పట్టుచీరల కొట్లన్నీ తిరిగి తనవంతు మెయింటెనెన్సు చేసి వచ్చారు. నెల తిరక్కముందే 1990 దాకా మెయింటెనెన్సు పూర్తయిపోయింది.

ఓబయ్య ఒకనాడు ధైర్యం చేసి, స్టీరింగు వదలకుండానే మొరపెట్టుకున్నాడు. "సార్, మా ఊరికి ట్యాంకరు... మాయమ్మ ముసిల్ది సార్, నడవలేకుండా ఉండాది."

మంత్రిగారు చలించిపోయారు. "మీ ఊరికి నేనే వస్తా పద!" అన్నారు.

కారు ఎగువమిట్ట నడివీధిలో ఆగింది. మెయింటెనెన్సు మధ్యలో తలుపు తీయకూడదు గనుక మంత్రిగారు దిగలేదు. రెండంగుళాలు అద్దం దించి దండం పెట్టారు. ఊరి ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఓబయ్య తల్లి మాత్రం మంత్రిగారి వంక చూడలేదు. వంగి కారు కిందికి చూస్తోంది.

"ఏంరా ఓబయ్యా, కారు కింద నీళ్ళు కారతా ఉండాయే!"

"అది ఏసీ నీళ్ళమ్మా. సల్లదనానికి గాల్లో తేమంతా ఆడ బొట్లు బొట్లుగా దిగతాది."

ఆమె అతని మాట పూర్తిగా వినలేదు. మోకాళ్ళ మీద కూలబడి చెంబును గొట్టం కిందికి తోసింది. ఆమె వెనక ఇంకొకామె తపేలా తెచ్చింది. ఆ వెనక బిందెలు వచ్చాయి. తల్లి అట్లా కారు కింద చెయ్యి చాపడం చూడలేక ఓబయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏందయ్యా ఆ సందడి?" అన్నారు లోపలి నుంచి మంత్రిగారు.

"సార్, తమరి కారులోంచి జనానికి నీళ్ళు అందతా ఉండాయి!" రంగరాజు చేతులు జోడించాడు.

ఆ రోజు మంత్రిగారు జనం కోసం ముప్పావుగంట మెయింటెనెన్సు చేశారు. చెంబు నిండింది. వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు చెంబును మూడు వైపుల నుంచి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో "ఎగువమిట్టకు చేరిన నీరు" అని పడింది. ఇకపై కారు వారానికి పది నిమిషాలు ఆ గ్రామంలో నిలుస్తుందని మంత్రిగారి హామీ కూడా పక్కనే వేశారు.

ఆ వారంలోనే ట్యాంకర్ల జాబితా వచ్చింది. నలభై ఒక్క ఊళ్ళున్నాయి. ఓబయ్య వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఎగువమిట్ట లేదు.

"మీ ఊరికి నీళ్ళు చేరిపోయినాయి గదప్పా," అన్నాడు రంగరాజు ఆప్యాయంగా. "ఒక ఊరికి రెండు వసతులిస్తే మిగతా ఊళ్ళోళ్ళు ఊరుకుంటారా?"

మిగతా పల్లెలు జాబితాలోకి చేరాయి. ఎగువమిట్టకు నీళ్ళే చేరాయి. ఇక మొక్కు తీరినట్టే గనుక మంత్రిగారు కుటుంబసమేతంగా కొండెక్కి, ముడుపును హుండీలో వేసి వచ్చారు. నాబు స్వామివారిదైపోయింది. అప్పటినుంచి ఓబయ్య రోజూ కటింగ్ ప్లేయరుతోనే ఏసీ తిప్పుతున్నాడు.

ఆదివారం సెలవు పెట్టి అతను ఊరికి బయల్దేరాడు. బస్సు మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన వరస కనపడింది. ఊరి ఆడవాళ్ళందరూ ఎండలో బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు వసంతమ్మ, చేతిలో చెంబుతో. వారానికోసారి కారు వచ్చి నిలుస్తుందని ఎవరో పేపరు చదివి చెప్పారట.

ఓబయ్య దిగాడు. బస్సు వెళ్ళిపోయింది. తల్లి అతని భుజం మీదుగా వెనక రోడ్డంతా వెతికింది.

"ఒక్కడివే వచ్చినావేంరా? కారేది?"

ఓబయ్య ఆమె చేతిలోని చెంబు అందుకున్నాడు.

"మెయింటెనెన్సులో ఉండాదమ్మా," అన్నాడు.