ఇచ్ఛాపురం అవతల విదేశం

ఇకమీదట ప్రపంచ వాణిజ్యం ఏ మలుపు తిరిగినా పలాసను అడిగే తిరుగుతుందని మంత్రిగారు ప్రకటించారు. కొత్త పీజీ సెంటర్లో అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం ఎం.ఏ. మొదలైన రోజది. మెడలో జీడిపప్పు దండతో ఆయన ఆ మాట అంటుంటే నమ్మనివాళ్లు లేరు. ముందు వరసలో ఉన్న ఇవాంజెలిన్ అయితే మనస్ఫూర్తిగా నమ్మింది.

ఆమె తల్లి జ్ఞానసుందరి జీడి ఫ్యాక్టరీలో పప్పు వలుస్తుంది. ఆఫ్రికా నుంచి జీడిపిక్కల ఓడ ఆలస్యమైతే ఫ్యాక్టరీ మూసేస్తారు, జ్ఞానసుందరి ఇంట్లో కూర్చుంటుంది. చుట్టూ ఇన్ని జీడితోటలుండగా, ఎక్కడో ఓడ కదలకపోతే తమ పొయ్యి ఎందుకు ఆరిపోతుందో ఇవాంజెలిన్‌కి తెలియాలి. అందుకే చేతికొచ్చిన బీఈడీ సీటు వదులుకుని మరీ ఇక్కడ చేరింది.

డిపార్టుమెంటుకు ఏ లోటూ చేయలేదు. ఏసీ గది వచ్చింది, గోడంత ప్రపంచపటం వచ్చింది, గుండ్రంగా తిరిగే కుర్చీ కూడా వచ్చింది. అందులో కూర్చోవాల్సిన లెక్చరర్ మాత్రం రాలేదు. ఇన్‌చార్జి అయిన ఆఫీసు గుమాస్తా ఉమామహేశ్వరరావుగారు రోజూ వచ్చి, అటెండెన్స్ వేసి, పటం మీద దుమ్ము దులిపి వెళ్లేవారు. ఆ విధంగా ఒక సెమిస్టరు దిగ్విజయంగా పూర్తయింది.

మంత్రిగారు మళ్లీ వచ్చినప్పుడు ఇవాంజెలిన్ ధైర్యం చేసి లేచింది.

“సార్, మాకు పాఠం సెప్పడానికి ఎవరూ నేరండి.”

“ఎకనామిక్స్ వింటే రాదమ్మా, సూడాల. మిమ్మల్ని విదేశీ స్టడీ టూర్‌కి పంపుతున్నాను. అక్కడి ప్రొఫెసర్లే పాఠం సెప్తారు.”

“ఏ దేశం సార్?” అన్నారు ఉమామహేశ్వరరావుగారు, పాస్‌పోర్టులు గుర్తొచ్చి కంగారుగా.

“ఇచ్ఛాపురం దాటితే భాష మారతాదా, నేదా?”

“మారతాదండి.”

“బోర్డులు?”

“అవీ మారతాయండి.”

“మరింకేటి కావాల?”

విదేశాన్ని బస్సు దూరంలోకి తెచ్చిన నాయకుడు మరొకరు లేరని అనుచరులు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మంత్రిగారు జెండా ఊపారు, బస్సు కదిలింది. కవిటి వైపు కొబ్బరితోటలు దాటేదాకా ఇవాంజెలిన్ ప్రొఫెసర్‌ను అడగాల్సిన ప్రశ్నను లోలోపల చెప్పుకుంటూనే ఉంది. ఇచ్ఛాపురంలో మేనత్త నేర్పిన ఒరియా ఇన్నాళ్లకు చదువుకు పనికొస్తోందని సంతోషపడింది.

రాష్ట్ర సరిహద్దు దాటగానే టీకొట్టు దగ్గర ఇంకో బస్సు ఆగి ఉంది. దాని బ్యానర్ మీద ఒరియాలో ‘విదేశీ అధ్యయన యాత్ర’ అని రాసి ఉంది. అవతల కూడా ఈ ఏడాదే అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం పెట్టారట. ఆ విద్యార్థులు ఆంధ్రా బయల్దేరారట.

ఇవాంజెలిన్ గబగబా బస్సు దిగి, అక్కడ నిలబడ్డ అమ్మాయిని ఒరియాలో అడిగింది, మీ ప్రొఫెసర్ ఎక్కడని.

ఆ అమ్మాయి శుభ్రంగా తెలుగులో జవాబిచ్చింది. “మాకు నేరు. మీకున్నారనే వత్తన్నాం.”

ఇవాంజెలిన్‌కి ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి టీ ఇప్పించింది. ఈలోగా ఇద్దరు ఇన్‌చార్జులూ చేతులు కలిపి ఫొటో దిగి, ఎవరి మంత్రిగారికి వాళ్లు పంపారు.

సాయంత్రం బస్సు తిరిగొచ్చేసరికి పలాసలో స్వాగత సభ సిద్ధంగా ఉంది. యాత్ర ఫలించిందని మంత్రిగారు ప్రకటించారు. వచ్చే ఏడాది నుంచి మన లెక్చరర్ వాళ్లకు, వాళ్ల లెక్చరర్ మనకు పాఠం చెప్పేలా ఒప్పందం కుదిరిందన్నారు. తర్వాత వేదిక మీదే అవతలి మంత్రిగారికి ఫోన్ కలిపారు.

“మనోడు పరాయి దేశంలో ఉంటాడు. తిండికి ఇబ్బంది పడకుండా కొంచెం సూసుకోండి.”