ఎదగడానికి చోటు లేని అమ్మాయి

తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయికి మొదటి మూల్యాంకనంలోనే లెక్కల్లో ఇరవైకి ఇరవై రావడంతో, ఆమె భవిష్యత్తు గురించి పాఠశాల తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. తల్లిదండ్రులను వెంటనే పిలిపించింది.

ఇందులో ఆందోళన ఏముందని విషయం తెలియనివారు అడగవచ్చు. పూర్వం ఏడాదికి ఒక్క పెద్ద పరీక్ష పెట్టి, పిల్లలకు ఏం వచ్చో చూసేవారు. అది క్రూరమని తేలింది. ఇప్పుడు జరుగుతున్నది నిరంతర మూల్యాంకనం. పిల్లలకు ఏం వచ్చు అన్నది ఇందులో ముఖ్యం కాదు, మొదటిసారి కంటే నాలుగోసారి ఎంత ఎక్కువ వచ్చు అన్నదే ముఖ్యం. తరగతి గోడ మీద ప్రతి విద్యార్థికీ ఒక గీత ఉంటుంది. ఆ గీత పైకి పోవాలి. అడ్డంగా పడుకుందంటే ఎదుగుదల ఆగిపోయినట్టే. అటువంటివారిని మరింత శ్రద్ధ కోసం అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెట్టాలని విద్యాశాఖ దయతో ఆదేశించింది.

ఆవులింతల రాజు అని తోటివాళ్లు పిలుచుకునే విద్యార్థి ఈ విధానానికి ఆణిముత్యం. మొదటిసారి నిద్రపోయి సున్నా తెచ్చుకున్నాడు. రెండోసారి మధ్యలో మెలకువ వచ్చి పేరు రాశాడు. చేతిరాతకు రెండు మార్కులు పడ్డాయి. సున్నా నుంచి రెండుకు ఎన్ని రెట్ల ఎదుగుదలో ఉపాధ్యాయులు ఎంత తల బద్దలుకొట్టుకున్నా తేలక, అతని ఫొటో తీసి నోటీసు బోర్డుకు అంటించారు.

మన అమ్మాయికి ఆ అదృష్టం లేదు. ఇరవైకి ఇరవై ఒకటి వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

తండ్రి దర్జీ. కబురందగానే మెడలో టేపు తీయడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చాడు. ప్రధానోపాధ్యాయులు దంపతులను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, గొంతు సవరించుకున్నారు.

"మీరు గుండె దిటవు చేసుకోవాలి. మీ అమ్మాయికి అన్నీ వచ్చు."

"అయ్యో! ఎప్పట్నుంచి సార్?" అన్నాడు తండ్రి.

"చిన్నప్పటి నుంచే ఉన్నట్టుంది. మీరు గమనించుకోలేదు. ఇలాగే వదిలేస్తే పిల్ల తొమ్మిదిలోనే ఉండిపోతుంది."

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. "నిన్నటిదాకా చదవమని తిట్టానండీ. ఇప్పుడు చదవొద్దని ఏ మొహం పెట్టుకుని తిట్టేది?"

నిబంధనల్లో ఒక్క దారి మాత్రం ఉంది. ఒంట్లో బాగాలేనప్పుడు పరీక్ష రాసినవారికి మళ్లీ రాసే అవకాశం ఇవ్వవచ్చు. వీధి చివరి డాక్టరుగారు పెద్ద మనసు చేసుకుని, జ్వర తీవ్రత వల్ల ఈ అమ్మాయి ఆ రోజు అన్నీ సరిగ్గా రాసిందని ధ్రువీకరించారు. పాత మార్కులు రద్దయ్యాయి.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. అమ్మాయికి తప్పు రాయడానికి చెయ్యి రాదు. లెక్కల మేడమ్ బడి వదిలాక కూర్చోబెట్టి ప్రత్యేకంగా నేర్పించారు. దశాంశ బిందువు ఎక్కడ జార్చాలి, ఏ గుర్తు మరిచిపోతే సహజంగా ఉంటుంది, ఏ తప్పు నాలుగు మార్కుల వాళ్లది, ఏది తొమ్మిది మార్కుల వాళ్లది, అన్నీ ఓపిగ్గా విడమరిచారు. ఆ ఏడాది ఆమె ఒక విద్యార్థికి స్వయంగా నేర్పింది ఇదొక్కటే. మిగతా సమయమంతా మూల్యాంకనానికే సరిపోయింది.

"తప్పని తెలిసి ఎలా రాయను మేడమ్?" అని ఏడ్చేసింది పిల్ల.

"తెలియనివాళ్లే రాసేస్తున్నారు, అన్నీ తెలిసినదానివి నీకేం కష్టమే?" అని మేడమ్ కన్నీళ్లు తుడిచారు.

ఇంట్లో అమ్మమ్మ కూడా ధైర్యం చెప్పింది. "బెంగపడకు తల్లీ, మీ నాన్న పోలిక ఉంటే తప్పులు వాటంతటవే వస్తాయి." అల్లుడు కుట్టుమిషను చప్పుడు పెంచాడు.

శ్రమ ఊరికే పోలేదు. నాలుగు, తొమ్మిది, పదిహేను, ఇరవై. గీత మెట్లెక్కినట్టు ఎక్కింది. అమ్మాయి పదో తరగతిలోకి వెళ్లడమే కాక, ఉత్తమ ఎదుగుదల బహుమతి కూడా గెలిచింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు. నిజం చెప్పాలంటే నాక్కూడా సంతోషమే వేసింది.

బహుమతులిచ్చే సభకు పర్యవేక్షణాధికారి విచ్చేశారు. కప్పు చేతికిస్తూ, ముచ్చటపడి, "ఏడెనిమిదులెంతమ్మా?" అని అడిగారు.

అమ్మాయి చేతులు కట్టుకుని వినయంగా అంది: "ఇది ఎన్నో మూల్యాంకనం సార్?"

అధికారి మైకు దగ్గరికి లాక్కున్నారు. "సభకు నమస్కారం. ఏ ప్రశ్నకైనా నోరు తెరిచే ముందు, పైవారికి ఎంత కావాలో కనుక్కోవాలని తెలుసుకోవడానికి నాకు సగం ఉద్యోగ జీవితం పట్టింది. ఈ చిట్టితల్లి తొమ్మిదో తరగతిలోనే గ్రహించింది. విద్య పరమార్థం ఇదే కదా!"

చప్పట్లు మిన్నంటాయి. ముందు వరసలో కూర్చున్న మనమంతా లేచి నిలబడి మరీ కొట్టాం.

తిరిగి వెళ్లేటప్పుడు తండ్రికి ఎక్కడో మనసులో పీకింది. అటూ ఇటూ చూసి, కూతురి చెవి దగ్గర అడిగాడు. "మనలో మన మాట, ఏడెనిమిదులెంతే?"

కూతురు కప్పును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, నాన్న మొహంలోకి ప్రేమగా చూసింది.

"నీకెంత కావాలి నాన్నా?"