చక్రాల ఇంటికి కొత్త పూత

చక్రాల మీద నడిచే ఇంటికి బయట ఏ పూత ఉంటే లోపల పడుకునేవాళ్లు వారం తిరక్కుండా ఆ పూతే అయిపోతారు గనక, తుప్పు రేకుల ఇంట్లో కాపురం ఉంటున్న పోలయ్యకి కూడా వేళకి తుప్పు పట్టింది. ఇందులో ఎవరూ ఆశ్చర్యపోయింది లేదు. కదలని ఇళ్లవాళ్లకి ఈ బాధ లేదని సర్కారే చెప్పింది కాబట్టి అదీ నిజమే అయ్యుండాలి.

పోలయ్య, పెళ్లాం మంగాయమ్మ బాతులు మేపుకునేవాళ్లు. కోత అయిన చేలల్లో రాలిన గింజల కోసం, ట్రాక్టరు లాగుతుంటే ఇల్లూ వాళ్లూ ఊరూరా తిరుగుతారు. బాతులు బయట వల దడిలో పడుకుంటాయి గనక బాతుల్లాగే మిగిలాయి. పొద్దువాలాక కాలవల్లో చెల్లాచెదురైన ఆ మందని ఇంటికి తెచ్చేది ఒక్క మంగాయమ్మ కేక. "బో... బోబో..." అందంటే చాలు, ఎంత దూరాన ఉన్నా బారులు తీరి వచ్చేస్తాయి. పోలయ్య నూకలు చూపించి బతిమాలినా మెడ తిప్పవు.

ఈసారి పోలయ్య మోకాళ్లు కిర్రుమంటున్నాయి, దగ్గితే ఎర్రపొడి రాలుతోంది. ఎడమ భుజం మీద కంత పడింది. మంగాయమ్మ పడుకునే వైపు రేకు కాస్త నయం గనక ఆమెకి తుప్పు ఇంకా పైపైనే ఉంది. ఆర్ఎంపీ డాక్టరు చూసి, ఇది తన కేసు కాదని వెల్డింగు షాపుకి పంపాడు. వెల్డరు వేలు పెట్టి చూసి, తొలకరికి ఇందులోంచి నీరు దిగితే మనిషి దక్కడన్నాడు. దాంతో ఇద్దరూ పూతల ఆఫీసుకి వెళ్లారు.

"మునుపటి ఆకుపచ్చే వేయించండి బాబుగారూ" అంది మంగాయమ్మ.

గుమస్తా అచ్యుతం కళ్లజోడు సవరించుకున్నాడు. "సొంత రంగు కావాలంటే, మనిషి ఇప్పుడు ఏ రంగులో ఉంటే ఆ రంగే ఇస్తామమ్మా. ఏడీ మీ ఆయన? ఆఁ. తుప్పు. వేయించెయ్యమంటావా?"

"అది వదిలించుకోడానికేగా వచ్చింది!"

"అయితే సర్కారు రంగు. ఉచితం. సర్కారు మారినప్పుడల్లా గీకి కొత్తది వేస్తాం. గీకేటప్పుడు కాస్త మంటంటారు మరి."

కిందటిసారి గీకించుకుని సర్కారు రంగు వేయించుకున్న కుటుంబం ఆఫీసు అరుగు మీదే కూర్చునుంది. మంటగా ఉందా అని మంగాయమ్మ అడిగింది. "రేపు రండి" అన్నారు నలుగురూ ఒక్కసారే.

ఇక మిగిలింది గండశిల సిమెంటు వాళ్ల ప్రకటన. గోడ ఇస్తే చాలు, రంగు వాళ్లదే, కూలీ వాళ్లదే. మనిషి సిమెంటులా గట్టిపడతాడు. కంత పూడుతుంది.

"మరి నోరో?" అంది మంగాయమ్మ.

"నోరు వాళ్లది. మనిషి మీకు మిగుల్తాడు" అన్నాడు అచ్యుతం.

పోలయ్య కిర్రుమంటూ ముందుకొచ్చాడు. "ఒసే, నా పిలుపుకి బాతులు ఎలాగూ రావు. నీ నోరు కూడా పోతే ఏం తింటామే? నన్నిలా ఒదిలెయ్యి."

"నువ్వూరుకో మావా. కంతల మొగుణ్ణి నేనేం చేసుకోను?" అని, ఆమె అచ్యుతం వైపు తిరిగింది. "నా తలాపు దగ్గర జానెడు రేకు మాత్రం వదిలెయ్యమనండి బాబూ. బాతుల్ని పిలుచుకుంటాను."

"నుదుటి మీద తుప్పు మచ్చ ఉండిపోతుంది."

"బొట్టనుకుంటాను."

సమంజసంగానే ఉందని అచ్యుతం ఒప్పుకున్నాడు. పెయింటర్లు వచ్చి పసుపు మీద ఎర్రటి అక్షరాలు రాసిపోయారు. వారానికి పోలయ్య గోడలా నిలబడ్డాడు. ఎలా ఉందని ఎవరడిగినా "గండశిల! నెర్రె పడదు, నీరు దిగదు!" అంటున్నాడు. మంగాయమ్మ కూడా ఏం మాట్లాడబోయినా అదే వస్తోంది. కానీ పొద్దువాలాక మాత్రం, ఆ జానెడు పుణ్యాన, "బో... బోబో..." అని తన కేకే వచ్చింది. బాతులూ వచ్చాయి.

అంతలో కంపెనీ మనిషి తనిఖీకి దిగాడు. అంతా బాగుందిగాని ఫోన్ నంబరు మర్చిపోయారన్నాడు. చూస్తే ఖాళీ ఉన్నది ఆ జానెడే. నంబరుకి సరిగ్గా సరిపోయింది. మంగాయమ్మ అడ్డుపడి చేతులు జోడించింది. "నెర్రె పడదు, నీరు దిగదు!" అని మొత్తుకుంది. కంపెనీ మనిషి చాలా సంతోషించాడు.

ఆ తరవాత ఆమె కేక వెయ్యబోతే "తొమ్మిదీ, ఎనిమిదీ, నాలుగూ..." అని అంకెలొచ్చాయి. బాతులు కొన్ని పూటలు నిలబడి చూశాయి. తరవాత అంకెలకే వచ్చేశాయి. పస్తు తప్పినందుకు సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియక మంగాయమ్మ ఏడవబోయింది. నీరు దిగలేదు.

తొలకరి పడ్డాక అచ్యుతం స్కూటరు మీద వచ్చాడు. "ఏమ్మా, ఇబ్బందులేమన్నా ఉన్నాయా?"

ఆమె గుండెలో ఉన్నదంతా చెప్పుకుందామని నోరు తెరిచింది. నంబరు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, అక్కడే ఆ నంబరుకి ఫోన్ చేశాడు. ఏ ఇబ్బందీ లేదని కంపెనీ చెప్పింది. "మంచిది" అని స్కూటరెక్కాడు. ఊళ్లో మెయిన్ రోడ్డు మీద ఆయన ఇంటి గోడకీ ఇదే ప్రకటన ఉంది. కదలని ఇల్లు కాబట్టి ఆయనకేమీ కాలేదు. ఊరికే ఆ అంకెలు కూనిరాగం తీస్తూ, హారన్ కొట్టుకుంటూ కాలవ గట్టు దిగాడు.

బాతులు మెడలెత్తి, బారులు తీరి, స్కూటరు వెనక నడిచాయి. మంగాయమ్మ గట్టు పొడుగునా పరిగెత్తుతూ పిలిచింది. వెనక నుంచీ అవే అంకెలు, ముందు నుంచీ అవే అంకెలు. బాతులు ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూసి, హారన్ మోగుతున్నవైపే పోయాయి. ఊళ్లో జనం నడిచే పద్ధతీ అదే గనక, మెయిన్ రోడ్డు మీద ఎవరూ వింతగా చూడలేదు. పక్కకి జరిగి దారిచ్చారు.