వీరుడికి విస్తరి

రాష్ట్ర మంత్రి ఉదయ్‌భాస్కర్ గారి తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో వీరమరణం పొందారని మంగళవారం ఉదయం రాజమహేంద్రవరంలో, మంత్రిగారింటి హాల్లో అధికారికంగా ప్రకటించారు. అప్పటిదాకా ఈ సంగతి మంత్రిగారితో సహా ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద త్యాగాన్ని ఇన్నేళ్ళు గుట్టుగా దాచుకోవడం ఆ కుటుంబానికే చెల్లిందని పార్టీ జిల్లా అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నారు.

అదే సమయంలో మంత్రిగారి పెరటి గుమ్మం దగ్గర చేపలమ్మే పెద్దింట్లమ్మ కొర్రమీనుకి పొలుసు గీస్తోంది. హాల్లోంచి వినబడిన పేరుకి ఆమె చెయ్యి ఆగిపోయింది. వీరవెంకటసత్యనారాయణ, ఊరు పాతపడవలరేవు. అది ఆమె తాత పేరు, ఆమె ఊరు.

ఆ తాత గోదావరి మీద పడవ నడిపేవాడు. యుద్ధం రోజుల్లో బర్మా నదుల్లో పడవలు నడపడానికి పట్టాళంవాళ్ళు తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. నాయనమ్మ కట్టెలో కాలేదాకా బొట్టు తీయలేదు. పోయిన రోజు తెలియకుండా తద్దినం పెడితే బతికున్నవాణ్ణి చంపినట్టేనని ఇంట్లో ఎవరూ ఆయన పేరున విస్తరి వేయలేదు. ఎనభై ఏళ్ళుగా ఆ మనిషి పస్తే. తను పోయేలోగా ఆయనకి ఒక్కసారి అన్నం పెట్టాలన్నదే పెద్దింట్లమ్మ కోరిక. పురోహితుడు దక్షిణామూర్తిగారు "ఇంగ్లీషు తేదీ పట్టుకురామ్మా, తిథి నేను కడతాను" అన్నారు. అందుకే ఆమె మంత్రిగారి పీఏ ప్రసన్నకుమార్‌ని బతిమాలుకుంది.

ప్రసన్నకుమార్ కష్టపడి వెతికాడు. యుద్ధంలో పోయినవాళ్ళ రికార్డు కంప్యూటర్లో దొరికింది. పేరుంది, ఊరుంది, చనిపోయిన తేదీ ఉంది. ఇంటిపేరు మాత్రం లేదు. అన్నవరం దేవుడి దయవల్ల మా జిల్లాల్లో ఆ పేరు ఇంటికొకరికి ఉంటుంది. మంత్రిగారి తాతగారిదీ అదే పేరు, అదే ఊరు. ప్రసన్నకుమార్ కాసేపు ఆలోచించి, పెరట్లోకి రాకుండా హాల్లోకి పరుగెత్తాడు.

"మరి మా తాతో, బాబూ?" అంది పెద్దింట్లమ్మ, తర్వాత అతను పెరట్లోకి వచ్చినప్పుడు.

"మీ తాతగార్ని ఇంకా వెతుకుతున్నామండీ. ఈయన మంత్రిగారికి దొరికారు."

"ఏ రోజున పోయాడో అదొక్కటీ చెప్పు నాయనా."

"మంత్రిగారి సొంత విషయాలు బయటికి చెప్పకూడదు మామ్మగారూ."

ప్రెస్‌మీట్‌లో ఫణిశ్రీ అనే విలేకరి లేచింది. "సార్, తాతగారు పోయింది 1945లో. మీ నాన్నగారు పుట్టింది 1951లో కదండీ?"

మంత్రిగారు ప్రసన్నకుమార్ వైపు చూశారు.

"అమరులయ్యాక సెలవు మీద వచ్చారండీ. మిలిటరీలో లీవులు ఎక్కువ" అన్నాడు ప్రసన్నకుమార్.

అందరూ రాసుకున్నారు. వెనకనుంచి ఓ పెద్దాయన, తాతగారి పెద్దకార్యానికి 1986లో తాను స్వయంగా బూరెలు తిన్నానని అడ్డుపడ్డాడు. ఆయన్ని అక్కడికక్కడే విగ్రహావిష్కరణ కమిటీలో వేశారు. అది తాతగారి రెండో మరణమని ఆ పెద్దాయనే సాయంత్రం టీవీలో వివరంగా చెప్పారు.

విగ్రహానికి ఫోటో కావాలన్నాడు శిల్పి. తాతగారిది ఒక్కటే దొరికింది. గళ్ళ లుంగీలో, నోట్లో వేపపుల్లతో ఉన్నారు. శిల్పి వేపపుల్ల తీసేసి యూనిఫాం తొడిగాడు. "పడవలు నడిపే దళం కదండీ, చేతిలో తెడ్డు పెట్టమంటారా?" అని అడిగాడు.

"తెడ్డు పట్టుకుంటే ఓట్లు రావు. తుపాకీ పెట్టు" అన్నారు మంత్రిగారు.

వర్ధంతి రోజున పాతపడవలరేవులోనే ఆవిష్కరణ అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. ఎవరూ చెప్పని తేదీ ఫ్లెక్సీ మీద మూరెడేసి అంకెల్లో కనబడింది. పెద్దింట్లమ్మ ఆటో ఎక్కి దక్షిణామూర్తిగారింటికి వెళ్ళింది.

"తేదీ దొరికిందండీ. మా తాతకి తద్దినం పెట్టించండి."

ఆయన ఇబ్బందిగా కండువా సర్దుకున్నారు. "ఆ రోజుకి ఆయన్ని మంత్రిగారు బుక్ చేసేసుకున్నారమ్మా. ఒక్క మనిషిని రెండు విస్తళ్ళ ముందుకి ఎలా పిలవమంటావు?"

వర్ధంతి రోజున పెద్దింట్లమ్మ తెల్లవారకముందే లేచి చేపల పులుసు వండింది. పులుసు లేనిదే తాతకి ముద్ద దిగేది కాదని నాయనమ్మ చెప్పేది. గిన్నెకి గుడ్డ కట్టుకుని సభకి వెళ్ళింది. ఎవరు పెడితేనేం, ఆయన తింటుంటే చూద్దామని.

రేవులో జనం కిక్కిరిసి ఉన్నారు. విగ్రహం ముందు అరిటాకు వేశారు. దేశంలో ఏ మంత్రీ వేదిక మీద తద్దినం పెట్టలేదని, ఇది చరిత్ర అని యాంకరు చెబుతోంది. దక్షిణామూర్తిగారు మంత్రిగారి చేతిలో నువ్వులు పోసి మైకులో అన్నారు:

"తాతగారి పేరు చెప్పి మూడుసార్లు పిలవండి బాబూ. ఎనభై ఏళ్ళ ఆకలి మీదున్నారు. పిలిచినవారి వెంటే ఇంటికి వచ్చేస్తారు."

మంత్రిగారి చెయ్యి గాల్లో ఆగింది.

ముందు వరసలోంచి మంత్రిగారి తల్లి వరహాలక్ష్మిగారు లేచి నిలబడ్డారు. "ఒరే భాస్కరూ! మీ తాతకి మాఘమాసంలోనే పెట్టాం కదరా! ఊరూపేరూ తెలీని ప్రేతాన్ని ఇంటికి పిలుస్తావా? చెయ్యి తియ్యి ముందు!"

సాంకేతిక కారణాల వల్ల మైకు పోయింది. మంత్రిగారు చెమట తుడుచుకుని జనంలోకి చూశారు. గిన్నె పట్టుకుని నిలబడ్డ పెద్దింట్లమ్మ కనబడింది. మైకు వెంటనే బాగుపడింది.

"అక్కచెల్లెళ్ళారా! మహిళా సాధికారతలో భాగంగా ఈ మహత్తర అవకాశాన్ని ఒక గంగపుత్రికకి అప్పగిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి.

"ఆడవాళ్ళ చేత శాస్త్రం ఒప్పుకోదండీ" అని గొణిగారు దక్షిణామూర్తిగారు.

"జీవో ఇప్పిస్తాను. కానీండి" అన్నారు మంత్రిగారు, నువ్వులు దులుపుకుని వేదిక చివరిదాకా జరిగి.

పెద్దింట్లమ్మ ఆకు ముందు కూర్చుంది. అన్నం పెట్టి, గిన్నె మూత తీసి పులుసు పోసింది. దక్షిణామూర్తిగారు గోదావరి వైపు తిరిగి మంత్రం చదువుకున్నారు. ఆమె విగ్రహం వంక చూడలేదు. ఇంటిపేరుతో సహా తాతని మూడుసార్లు పిలిచింది.

ఇంటికొచ్చి తాళం తీసి, గుమ్మానికి పక్కగా ఒదిగి నిలబడింది. "రా తాతా" అంది. కాసేపాగి తాను లోపలికి వెళ్ళింది.

చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. ప్రసన్నకుమార్.

"మామ్మగారూ, మంత్రిగారు కారు దిగకుండా ఆయనింటి గేటు బయటే కూర్చున్నారండీ. ఒక్కమాట కనుక్కోమన్నారు." అతను గొంతు తగ్గించాడు. "ఆయన... మీతోనే వచ్చేశారు కదండీ?"