మా బావ నవల ఎప్పటికీ పూర్తి కాకూడదు!

నవల పూర్తి చేసినవాణ్ని చూస్తే నాకు జాలేస్తుంది. ఒట్టు! మనిషి కనిపెట్టిన సుఖాలన్నిట్లోకీ గొప్ప సుఖం తిరగరాయడం. నమ్మరా? అయితే మా బావను చూడండి.

మా అక్క మొగుడు తొమ్మిదేళ్లుగా ఒకే నవల రాస్తున్నాడు. ఇప్పుడు పదకొండో ప్రతి నడుస్తోంది. మొదటి ప్రతిలో హీరోయిన్ పళ్ల డాక్టరు, నాలుగోదాంట్లో లాయరు. ఎనిమిదోదాంట్లో పాపం చచ్చిపోయింది. అక్క ఏడ్చి గోల చేస్తే తొమ్మిదోదాంట్లో లేచి కూర్చుంది! ఏ ఆస్పత్రిలో జరుగుతుందండీ ఈ వైద్యం?

ఎన్ని మార్చినా చివరికి ఆ పిల్ల పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. రైలు కూత పెడుతుంది. అక్కడితో బావ పెన్ను ఆగిపోతుంది.

ఇంటిల్లిపాదికీ ఎంత లాభమో! ఇష్టంలేని చుట్టాలు వస్తామంటే "ఆయన రివిజన్‌లో ఉన్నారు" అంటుంది అక్క. వాళ్లు హడలిపోయి ఆగిపోతారు. మంగలి కత్తెర ఆపి మరీ అడుగుతాడు, "ఎంతదాకా వచ్చింది సార్?" అని. పుస్తకం అచ్చయినవాణ్ని ఎవరైనా అలా అడిగారా?

అందరికంటే ఎక్కువ అడిగేది మా అమ్మ. రిటైరైన టైపిస్టు. అల్లుడి ప్రతులన్నీ ఆవిడే టైపు కొడుతుంది. మెషీన్ ఎత్తు చాలక కింద మూడు లావుపాటి పుస్తకాలు పెట్టుకుంది. రోజూ కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఒకటే ప్రశ్న: "అల్లుడుగారూ, ఇంతకీ ఆ పిల్ల రైలెక్కుతుందా, లేదా?"

ఆ ప్రశ్న కోసమే బావ బతుకుతున్నాడు. అసలు గుట్టేమిటంటే, చివరి అధ్యాయం ఆయన నాలుగేళ్ల కిందటే రాసేశాడు! రాసి, బీరువాలో స్వెటర్ల కింద దాచేశాడు. నాకొక్కడికే చెప్పాడు. "ఇచ్చేస్తే అత్తయ్యగారు చదివేస్తారురా. తర్వాత నన్ను అడిగేదెవరు?" అన్నాడు.

మొన్న పొద్దున రెండు కామాలు దిద్దుకుందామని ఆ కాగితాలు బయటికి తీశాడు. వాటి కింద ఇంకో కట్ట ఉంది! శుభ్రంగా టైపు కొట్టి, పిన్ను గుచ్చి, అక్షరదోషాలు కూడా దిద్ది ఉంది. మీద తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. మూలన పెన్సిల్‌తో అమ్మ చేతిరాత: "బాగుంది. ఏడ్చాను."

అంటే ఆ పిల్ల సంగతి తెలిసి తెలిసి, రెండేళ్లుగా రోజూ అడుగుతోందన్నమాట! బావకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇంతలో హాల్లోంచి అమ్మ కేక: "అల్లుడుగారూ, ఇంతకీ రైలెక్కుతుందా?"

"ఇంకా ఆలోచిస్తున్నా అత్తయ్యగారూ!" అని ముక్కు తుడుచుకుని, పన్నెండో ప్రతి మొదలుపెట్టాడు.

కాబట్టి రచయితలారా, మీకు దండం పెడతాను, పూర్తి చేయకండి! నేను చేశాను. ఒకటి కాదు, మూడు నవలలు, చెప్పిన తేదీకల్లా. మూడూ మొదట అమ్మ చేతిలోనే పెట్టాను. ఏ హీరోయిన్ ఏమైందని ఈరోజుదాకా ఒక్క మాట అడగలేదు.

అయినా అన్యాయంగా మాట్లాడకూడదు. నా పుస్తకాలు మహా గట్టివని, ఎంత టైపు కొట్టినా మెషీన్ ఇసుమంత కదలదని అందరికీ చెప్పి మురిసిపోతుంది.